ఆది జాకెట్టు అడగని మనిషి

ఆ రోజు ఉదయం ఎనిమిది గంటలకే నాకు నిజం తెలుసు. తొమ్మిదింటికి దాన్ని దాచి సన్యాసమ్మకు అబద్ధం చెప్పాను. పదకొండింటికి ఆమె నిలదీస్తే, "నాకూ తెలియదమ్మా" అని ఇంకో అబద్ధం చెప్పాను. ఆమె పోయిన నెల చనిపోయింది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా కాలనీ సంఘం వారు అడిగారు. ఆ ఉదయం సంగతి దాచి ఆమె మంచితనం రాస్తే అది నా మూడో అబద్ధం అవుతుంది. అందుకే ముందుగా దాన్నే రాశాను.

ఆమె భర్త అప్పలరాజు ఫోన్ చేసినప్పుడు నేను గాజువాక మార్కెట్లో ఉన్నాను. "మీ సెల్లి ఎల్లిపోయింది బావా" అన్నాడు. కూరల సంచీ కొట్టు అరుగు మీదే వదిలేసి ఆటో ఎక్కాను. జబ్బు సంగతి ఏడాదికి పైగా తెలిసిందే. ఏడుపు రాలేదు. ఆ దారిలో నా మనసుకు ఒకింత తేలిక కూడా కలిగింది. ఇక ఆమె ఎవరికీ చెప్పదన్న తేలిక అది. ఆ సంగతి గ్రహించేసరికి ఆటో మా మల్కాపురం చేరింది. నా మీద నాకు అంత అసహ్యం ఎన్నడూ వేయలేదు.

అప్పలరాజు, నేను పోర్టులో ఒకే క్రేను మీద ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాం. మాది గోదావరి వైపు. వాళ్ళది విజయనగరం దగ్గర పల్లె. మా వైపు బావ అనిపించుకోవాలంటే చుట్టరికం ఉండాలి. ఇక్కడ కలిసి ఒక టీ తాగితే చాలు. అతను మొదటి వారంలోనే నన్ను బావ అన్నాడు కాబట్టి అతని భార్యకు నేను అన్నయ్యను అయ్యాను. ఆమె ఆ పిలుపును మాట వరసకు వాడలేదు. నా భార్యను వదినా అని పిలిచి, నిజంగా ఆడపడుచులాగే దెప్పేది.

ఆమె ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టేది. మా పేటలో మగ టైలర్లు ఆడవాళ్ళను కొలవరు. మెడలో టేపు వేలాడుతుంది గాని, ఆడమనిషి వస్తే "ఆది జాకెట్టు తెచ్చారా?" అనే అడుగుతారు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి కవర్లో పెట్టి ఇస్తే, దాని కొలతతో కొత్తది కుడతారు. అది మర్యాద. కాన్పయి ఒళ్ళు వచ్చినా, జబ్బుచేసి చిక్కినా, ఆ పాత కొలతలోనే ఆడవాళ్ళు సర్దుకుంటారు. సన్యాసమ్మ మాత్రం ఆది తీసుకునేది కాదు.

"పాత జాకెట్టు పాత మనిసిది. ఇప్పుడున్న మనిసిని సూడనీ" అని కవరు పక్కన పెట్టేసి, తలుపు వేసి, కర్టెన్ లాగి, తన చేతులతో కొలిచేది. ఆ కర్టెన్ వెనక ఆడవాళ్ళు మొగుళ్ళకు చెప్పనివి కూడా ఆమెకు చెప్పుకునేవారని నా భార్య అనేది. అవేమిటో ఏనాడూ బయటికి రాలేదు.

ఆమెకు అనుమానం ఎక్కువ. మల్కాపురంలో తెల్లబట్ట ఆరేసేవాళ్ళు ముందు దండేన్ని వేలితో తుడిచి, నల్లగా అంటుకుందేమో చూస్తారు. పోర్టు బొగ్గు పొడి అలాంటిది. సన్యాసమ్మ మనుషులను కూడా అలాగే తుడిచి చూసేది. ఏ సంగతైనా మూడుసార్లు అడిగేది. ఒకసారి మేం నలుగురం కలిసి బట్టల కొట్టుకు వెళ్ళాం. అక్కడి గుమస్తా ముక్క పరిచి, స్వచ్ఛమైన కాటన్ అన్నాడు.

"కాటనేనా?"

"కాటనేనమ్మా."

"ముడుసుకోదు గదా?"

"అస్సలు ముడుచుకోదు."

"అయితే తడపనా?"

అతను నవ్వుతూ తడపమన్నాడు. ఆమె సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, బల్ల మీదే ఆ ముక్క అంచు తడిపేసింది. "ఓలమ్మా, నిజంగానే తడిపేత్తన్నావేటి!" అని అతను గోల పెట్టాడు. అప్పలరాజు సిగ్గుతో మెట్లు దిగిపోయాడు. ఆమె ముక్కను పిండి, విదిలించి, కొలిచి, "వేలెడు పోయింది" అని గుమస్తా చేతిలో పెట్టింది. దారిలో నేను వేళాకోళం చేస్తే అంది: "నమ్మకం గూడా గుడ్డనాంటిదే అన్నియ్యా. తడిపితే గాని ఎంత ముడుసుకుంతాదో తెలీదు."

ఆ మాట అప్పుడు నవ్వు తెప్పించింది.

మూడేళ్ళ క్రితం నేను కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉండేవాణ్ణి. రొమ్ము కేన్సర్ ముందే పట్టుకునే ఎక్స్‌రే యంత్రమున్న బండిని ఒక సేవాసంస్థ పేటలకు పంపుతోందని తెలిసి, మా కాలనీకి పిలిపించాను. నా మాట మీద ఆడవాళ్ళెవరూ రారని తెలుసు. సన్యాసమ్మను అడిగాను.

"నాను సెప్తే వత్తారు. బండి నోపల ఎవులుంతారు?"

"ఆడ టెక్నీషియన్ వస్తుందమ్మా."

అప్పటికి అది నిజమే. ఆ యంత్రం దగ్గర మనిషిని నిలబెట్టి, రొమ్మును రెండు పలకల మధ్య చేత్తో సర్ది బిగించాలి. ఆ చెయ్యి ఎవరిదన్నదే వాళ్ళ ప్రశ్న. ఆమె ఇల్లిల్లూ తిరిగి నలభై పేర్లు రాయించింది. ప్రతి ఇంట్లోనూ "ఆడమనిసే, నాను అడిగినాను" అని తన మాటను పూచీ పెట్టింది.

పరీక్ష రోజు ఉదయం ఎనిమిదింటికి సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. ఆ ఆడ టెక్నీషియన్‌కు జ్వరమట. మగ టెక్నీషియన్ వస్తున్నాడట. "అనుభవం ఉన్నవాడు. అయినా ఆడవాళ్ళకు ముందే చెప్పండి. వద్దన్నవాళ్ళకు ఇంకో రోజు పెడదాం" అన్నారు. చెప్తానన్నాను. ఫోన్ పెట్టి బయటికి చూస్తే షామియానా వేసి ఉంది. నా ఫోటో ఉన్న ఫ్లెక్సీ కట్టి ఉంది. పదింటికి పెద్దమనుషులు వస్తారు. లోపలికి వెళ్ళాక ఏ ఆడదీ వెనక్కి రాదులే అనుకున్నాను. ఈ వ్యాసంలో నేను ఒప్పుకోవలసిన అసలు మాట ఇదే. వాళ్ళు ఒప్పుకుంటారని కాదు, నోరు తెరవలేరని లెక్క వేశాను.

అప్పటికి నా భార్య తలదువ్వుకుని సిద్ధమవుతోంది. "ఇవాళ నువ్వు వద్దులే, రద్దీగా ఉంటుంది" అన్నాను.

"నిన్న రమ్మంది మీరేగా?"

"ఇంకోసారి చూద్దాంలే."

ఆమె నా వంక అదోలా చూసి దువ్వెన పెట్టేసింది.

తొమ్మిదింటికి సన్యాసమ్మ గుమ్మంలోకి వెళ్ళాను. "ఆడమనిసే గదా అన్నియ్యా?" అంది. "ఆడమనిషేనమ్మా" అన్నాను. ఎవరినైనా మూడుసార్లు అడిగే మనిషి నన్ను ఆ రోజు ఒక్కసారే అడిగింది.

"నాను ముందు ఎల్లొత్తాను, భయపడకండి" అని అందరికీ చెప్పి ఆమే మొదట బండి ఎక్కింది. లోపల తెర వెనక జాకెట్టు విప్పి, వాళ్ళిచ్చిన గౌను తొడుక్కుని, ఇవతలికి వచ్చింది. ఎదురుగా మగమనిషి. నేను ఆడవాళ్ళకు చెప్పే ఉంటానని అతను అనుకున్నాడు. ఆమె కేక విని అతనే ముందు తలుపు తీసుకుని బయటికి వచ్చేశాడు. కాసేపటికి ఆమె దిగింది. చీర కొంగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఒకరి జాకెట్టుకు కూడా హుక్కు తప్పు కుట్టని మనిషి, తన జాకెట్టు హుక్కు ఒకటి తప్పించి పెట్టుకుంది.

"నోపల మగోడున్నాడు. పరవానేదనుకున్నోలు ఉండండి, నేదనుకున్నోలు ఎల్లిపోండి" అని అందరికీ చెప్పింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నీకు తెల్సా?"

"నాకూ తెలియదమ్మా."

బండి మెట్టు దగ్గర నిలబడ్డ టెక్నీషియన్ తలెత్తి నన్ను చూశాడు. అయిదుగురు ఉండి పరీక్ష చేయించుకున్నారు. వాళ్ళలో ఒకామె, "సక్కగానే సేసినాడు. ముందు సెప్తే ఏటి పోయింది?" అంది. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రం బండి సర్దుకుంటూ అతను అన్నాడు: "ఇది నా పని సార్. మా అమ్మకైనా ఇలాగే తీస్తాను. కానీ చెప్పకుండా పంపిస్తే, ఏ తప్పూ చేయకుండానే నేను దొంగనవుతాను."

అనుమానం నా మీదికి రాలేదు. కార్యదర్శిని గదా, పైవాళ్ళు మోసం చేశారని నా మాట నమ్మారు. అనుమానమంతా సన్యాసమ్మ మీద పడింది. పక్కవీధి నూకరత్నం అందరి ముందూ అంది: "ఆయమ్మకి తెలీకుండా ఉంతాదేటి? అన్నీ మూడేసి సార్లు అడిగే మనిసి ఇదొక్కటీ అడగనేదా?"

మూడుసార్లు అడగలేదు. ఎందుకు అడగలేదో నా ఒక్కడికే తెలుసు.

కొన్ని వారాలకు సన్యాసమ్మ ఇంటి గ్రిల్లుకు కవర్లు వేలాడడం మొదలైంది. కవరులో జాకెట్టు గుడ్డ, దానితోపాటు ఆది జాకెట్టు. కర్టెన్ వెనక్కి వెళ్ళి కొలతలిచ్చిన ఆడవాళ్ళే, మగ టైలరుకు ఇచ్చినట్టు ఆమెకు ఆది ఇచ్చి పోతున్నారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఆది ప్రకారమే కుట్టి అదే గ్రిల్లుకు తగిలించేది. ఒకసారి నేను వెళ్ళేసరికి మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. "నా సేతులు మగోడి సేతులైపోనాయి అన్నియ్యా" అంది. ఒక్క వాక్యంతో ఆ కవర్లన్నీ దింపగలిగినవాణ్ణి, టీ తాగి వచ్చేశాను.

ఏడాదిన్నర తర్వాత ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. ఆమెకు ముందే తెలుసని, ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆస్పత్రికి వెళ్ళేసరికి ముదిరిపోయింది. ఆ రోజు పరీక్ష జరిగి ఉంటే బతికేదా అని నేను డాక్టరును విడిగా అడిగాను. "అప్పుడు కనిపించి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చెప్పలేం" అన్నారు. ఆ ప్రశ్న నా ఊరట కోసం అడిగాను. ఊరట దొరకలేదు. దొరకకపోవడమే న్యాయం.

ఆమె చనిపోవడానికి నాలుగు నెలల ముందు, ఒక మధ్యాహ్నం వెళ్ళి అంతా చెప్పేశాను. మిషను పక్కన మంచం మీద పడుకుని వింది.

"తెల్సు" అంది.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజునుంచే. కలిసి ఎల్దామని ముందురోజు వొదిన నాకు సెప్పింది. పొద్దుట రానేదు. నువ్వు నీ ఇంటిదాన్ని ఆపేసి, మమ్మల్ని పంపినావు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?"

"తడిపితే ముడుసుకుంతావని భయమేసింది. అన్నియ్యవి గదా."

నేను తలవంచుకున్నాను. ఆమే మళ్ళీ అంది: "నాకు సెప్పి ఏటి లాభం? ఆల్లకి సెప్పు."

"చెప్తానమ్మా."

"సెప్తావా?"

"చెప్తాను."

"నిజింగా సెప్తావా?"

"తప్పకుండా."

"ఎప్పుడు?"

మూడుసార్లు అడిగింది. ఆ బట్టల కొట్టు గుమస్తా పక్కన నన్ను నిలబెట్టిందని అర్థమైంది. ఆమె అనుమానమే నిజమైంది. ఆ నాలుగు నెలల్లో నేను ఎవరికీ చెప్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ గడిపాను. గ్రిల్లుకు కవర్లు వేలాడుతుండగానే ఆమె వెళ్ళిపోయింది.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక, షామియానా కింద ఆడవాళ్ళంతా ఉండగా లేచి నిలబడి చెప్పాను. ఫోన్ సంగతి, నా భార్యను ఆపిన సంగతి, "నాకూ తెలియదమ్మా" అన్న సంగతి. అప్పుడు నూకరత్నం అంది: "ఇప్పుడా సెప్తన్నావు? ఇనాల్సిన మనిసి నేదు గదా." ఆమె కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయింది. అప్పలరాజు విస్తళ్ళు ఎత్తుతూ ఆగి, మళ్ళీ ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి అతను నన్ను బావ అనడం లేదు. "సెక్రెటరీ గారు" అంటున్నాడు. మర్నాడే ఆ పదవి వదిలేశాను. ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

సన్యాసమ్మ లోటు ఎలాంటిదో మా కాలనీ ఆడవాళ్ళ భుజాల దగ్గర పట్టేసే జాకెట్లలో కనిపిస్తోంది. అందరూ ఆది జాకెట్లు పట్టుకుని మగ టైలర్ల దగ్గరికే వెళ్తున్నారు. ఇప్పుడున్న మనిషిని చూసి కొలిచే చెయ్యి ఇక లేదు. అనుమానించడం ఒక రకం ప్రేమ అని నాకు నేర్పిన మనిషి ఆమె. అది తెలిసేసరికి ఆమె లేదు.

కిందటి వారం ఆ బండిని మళ్ళీ రప్పించాను. ఈసారి ఫ్లెక్సీ కట్టలేదు. నేనూ నా భార్యా ఇంటింటికీ వెళ్ళి, లోపల ఎవరుంటారో చెప్పాం. ఆడ టెక్నీషియన్ రాకపోతే బండి తలుపే తెరిచేది లేదని చెప్పాం. పరీక్ష రోజు పొద్దున్నే మళ్ళీ తిరిగి చెప్పాం. నా మాట ఎవరూ నమ్మలేదు. నమ్మమని నేనూ అడగలేదు. పది గంటలకు నా భార్య బండి దగ్గర మొదట నిలబడింది. ఆమెను పక్కకు జరిపి నూకరత్నం ముందుకు వచ్చింది.

"నోపల ఎవులున్నారు?"

"ఆడమనిషేనమ్మా."

"ఆడమనిసేనా?"

"ఆడమనిషే."

"అయితే తలుపు తియ్యి, నాను సూడాల."

తీశాను. ఆమె ఎక్కి, తెర ఎత్తి, దాని వెనక చూసి, డ్రైవరు సీటు వైపు కూడా తొంగిచూసి, లోపలున్న టెక్నీషియన్‌ను పేరూ ఊరూ అడిగి దిగింది. మిగిలినవాళ్ళకు రమ్మని సైగ చేసి, నా వైపు తిరిగింది.

"నువ్వు రోడ్డుకవతలకి పో."

వెళ్ళి నిలబడ్డాను. చివరి మనిషి దిగేదాకా అక్కడే ఉన్నాను.