మాట రాకపోతే అయినట్టే

నల్ల తెర మీద కర్సర్ వెలిగి ఆరుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు కాలేజీ నాటి అలవాటు. ఇప్పుడు పక్కన పాప పొట్ట లేచి పడుతుంటుంది, తెర మీద ఆ చిన్న గీత వెలిగి ఆరుతుంటుంది. రెండింటి లయా కాసేపు కలుస్తుంది, మళ్ళీ విడిపోతుంది. ఏది ముందు జారిపోయిందో చూస్తూ చూస్తూ నేనూ సగం నిద్రలోకి పోతాను. కోవిల్‌పట్టిలో మా వీధి ఈ వేళకు పూర్తిగా అణిగి ఉంటుంది. రాసుకోవడానికి నాకు దొరికేది ఈ సమయమే.

నేను పనిచేసేది విరుదునగర్‌లో, అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో. రోజూ బొమ్మల ఫైళ్ళు కుప్పలుగా వస్తాయి. కోడిపుంజు, తామరపువ్వు, జంట చిలకలు, విమానం. వాటిని సైజుల వారీగా వేరుచేసి అచ్చు ప్లేట్లు తీసే మిషనుకు పంపాలి. చేరిన కొత్తలో ఆ పని కోసం మూడు బ్యాచ్ ఫైళ్ళు, పేరు కొడితే పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు, రాశాను. ఏదీ పాతిక వరుసలు దాటదు. వాటికి పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు ఎందుకో ఇంటి మాటలే వచ్చాయి. ఏరు, తోయి, పండుకో. ఏరు అని కొడితే ఫైళ్ళు వేరవుతాయి. తోయి అంటే మిషనుకు వెళ్తాయి. సాయంత్రం పండుకో అంటే అన్నీ భద్రంగా దాచి కంప్యూటరు ఆరిపోతుంది. తరతరాలుగా తమిళనాడులో ఉన్న మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే తప్ప రాసేవాళ్ళు లేరు. ఈ అక్షరాలు కూడా నేను చిత్తూరు హాస్టల్లో ఉన్నప్పుడు గదిలోని అమ్మాయి దగ్గర నేర్చుకున్నవే. అంతకుముందు మా వాళ్ళ మాటలను నేను రాసుకున్నదంతా ఇంగ్లీషు అక్షరాల్లో, ఇలాంటి ఫైళ్ళ పేర్లుగానే.

ప్లేటు మిషను చూసే అన్న అరుప్పుకోట్టైలో మగ్గాల ఇంటివాడు, మా భాషే. మొదటిరోజు ఆయన ఒంటి వేలితో తోయి అని కొట్టాడు. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. నేను అన్నం తిని వచ్చేసరికి ఒకే కోడిపుంజు నాలుగు ప్లేట్ల మీద నిలబడి ఉంది.

"నువ్వు సేసింది మూగదా అమ్మా? ఎన్ని తూర్లు సెప్పినా పలకదే."

"మాట రాకపోతే అయినట్టే అన్నా. తప్పు అయితేనే నోరు తెరుస్తాది."

"మా ఇంట్లో ఆమె కూడా అట్లుంటే ఎంత బాగుండు," అన్నాడు.

నేను కాన్పు సెలవులో ఉండగా ఓనరు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. రంగురంగుల డబ్బాలు, పచ్చటి టిక్కులు. అన్న ఫోన్ చేశాడు. "ఇది నూరు తూర్లు అడుగుతాది, నిజంగానా, నిజంగానా అని. నాకు నీ మూగదే మేలు." ఆయన కొత్తదాన్ని మూలన ఉన్న కంప్యూటరుకు వదిలేసి, నా మూడు ముక్కలనూ తన బల్ల మీదే ఉంచుకున్నాడు. పాపను ఒళ్ళో వేసుకుని ఆ మాటను ఎన్నిసార్లు తలుచుకున్నానో.

పాపకు ఆరు నెలలు నిండాయి. ఇక రమ్మన్నారు. ఒక్క వారం చూస్తాను, నా వల్ల కాకపోతే మానేస్తానని ఇంట్లో చెప్పాను. పాప ఏడిస్తే నాకు భయం లేదు. సద్దు లేకపోతేనే భయం. నిద్రపోతున్న పాప ముక్కు కింద వేలు పెట్టి చూడకుండా ఒక గంట గడిపినట్టు గుర్తు లేదు.

పాపను చూసుకోవలసింది అత్త. ఏళ్ళ తరబడి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు చట్రాల్లో పేర్చిన మనిషి. ఆమెతో ఒక ఏర్పాటు చేసుకున్నాను, కాగితం మీద బొమ్మలు గీసి ఫ్రిజ్‌కు అంటించాను కూడా. ఒక మిస్డ్ కాల్ అంటే పాప పాలు తాగింది. రెండంటే నిద్రపోయింది. మూడంటే ఒళ్ళు కాగుతోంది, నేను రావాలి.

"బిడ్డ పాలు తాగేది కూడా కోర్టులో సెప్పల్లనా?" అంది అత్త.

"నా కోసం అత్తా."

"సరి. ఒకటి పాలు, రెండు నిద్ర, మూడు నీ బయం."

సోమవారం పొద్దున రైలెక్కాను. సాత్తూరు దాటాక నల్లరేగడి నేల కిటికీ పక్కన నిదానంగా తిరుగుతూ పోయింది. కునుకు పట్టింది. ఆ కునుకులో పాప కీబోర్డు మీద కూర్చుని ఉంది, నేను పండుకో అని కొడుతుంటే నవ్వుతోంది. విరుదునగర్‌లో ఎవరిదో సంచి తగిలి మెలకువ వచ్చింది.

ప్లేటు గదిలో పసుపు దీపాలే ఉంటాయి, ప్లేట్ల మీద మరో వెలుతురు పడకూడదు, ఫోన్లు బయటి సొరుగులో పెట్టాలి. పొద్దున్నే అందులోకి వెళ్ళాను, ఆ పసుపులో పొద్దు తెలియదు. బయటికి వచ్చి సొరుగు లాగేసరికి రెండు దాటింది. ఫోను మీద మూడు మిస్డ్ కాల్స్.

తిరిగి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అన్న నా ముఖం చూశాడు. "పో అమ్మా, నేను తోసుకుంటా," అన్నాడు.

ఆ వేళకు రైలు లేదు, బస్సెక్కాను. సాత్తూరులో బస్సు ఆగింది. దోసకాయలమ్మే ఆమె కిటికీ దగ్గర గంప ఎత్తి చూపిస్తూ ఏదో అడుగుతోంది, నేను ఫోనునే చూస్తున్నాను. అప్పుడు కనిపించాయి టైములు. మొదటిది పదికి. రెండోది పన్నెండున్నరకు. మూడోది రెండుకు కాస్త ముందు. ఒకటి, ఒకటి, ఒకటి. మూడుసార్లు పాలు. నేను చూడలేదు కాబట్టి ఫోను వాటిని కలిపి మూడు చేసింది. లెక్కను మళ్ళీ సున్నాకు ఎప్పుడు తేవాలో చెప్పకుండా లెక్కపెట్టమన్నాను. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు.

అయినా దిగలేదు. అత్త ఫోను ఎత్తలేదు కదా.

తలుపు ఓరగా వేసి ఉంది. అత్త నేల మీద కాళ్ళు చాపి కూర్చుంది, కాళ్ళ మీద పాప. నన్ను చూసి చెయ్యెత్తి ఆపింది.

"సత్తం సేయొద్దు. పండుకొనుండాది."

"మూడు కాల్స్ వచ్చినాయి అత్తా."

"మూడు తూర్లు తాగింది. నువ్వు సెప్పినట్టే కద సేసినా."

"నిద్రపోతే రెండు ఇయ్యల్ల కదా. నేను చేస్తే ఎత్తనే లేదు."

"ఫోను వంటింట్లో ఉండాది, బిడ్డ కాళ్ళ మీద ఉండాది. నేను లేసి పోతే అది ఎట్ల పండుకుంటాది?"

నేను సంచి దించి గోడ పక్కన కూర్చున్నాను. అత్త పాపను మెల్లగా పరుపు మీదికి దించింది. లేచి, ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, ఎప్పటినుంచో ఊగే స్టూలు కాలి కింద దోపింది. ఊపి చూసింది. ఊగలేదు.

"ఏమన్నా అయితే నేనే ఫోనులో కూప్పిడ్తా. ఏమీ లేకుంటే ఊరికే ఉంటా," అంది. "మీ అమ్మ నిన్ను ఫోనుతోనా పెంచింది?"

ఏమీ లేకుంటే ఊరికే ఉండడం, ఆ మాటే ప్రెస్సులో అన్నకు నేను ఎంత ధీమాగా చెప్పానో గుర్తొచ్చింది. పాప పక్కన పడుకున్నాను. వేలు ముక్కు దాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది.

మరునాడు మళ్ళీ ఆ రైలే. ఫోను సొరుగులో పెట్టేముందు చూశాను. మధ్యాహ్నం తీసి చూశాను. ఏమీ లేదు. ఒకసారి నేనే ఇంటి నంబరు నొక్కబోయి మానుకున్నాను.

"బిడ్డ ఎట్లుంది?" అన్నాడు అన్న.

"బాగుండాది."

"ఫోను వచ్చెనా?"

"లేదు."

ఆయన నవ్వలేదు. కీబోర్డును నా వైపు జరిపాడు. తోయి అని కొట్టాను. తెర ఏమీ అనలేదు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి తలుపు అవతల, ఆ పసుపు గదిలో, మిషను కదిలింది.