గొట్టాలకు గోనె కట్టిన చలికాలం

నా చిన్నప్పుడు అల్లూరు దాటి సముద్రం వైపు ఉన్న మా ఊళ్ళో, గొట్టాల్లో నీళ్ళు పారే ఇల్లు క్రైస్తవ మిషను బంగళా ఒక్కటే. మిగతా ఇళ్ళకు నీళ్ళు ఆడవాళ్ళ నెత్తి మీద వచ్చేవి. బంగళా వెనక చేతిపంపు ఉండేది. దాన్ని కొడితే నీళ్ళు మిద్దె మీది ఇనప తొట్టిలోకి ఎక్కి, అక్కణ్ణుంచి గోడ వెంబడి గొట్టంలో దిగి వంటింటికీ స్నానాల గదికీ పోయేవి. ఆ పంపు కొట్టే పని నాది. లెక్కల పంతులుకీ నాకూ కుదరక ఐదో తరగతిలోనే బడి మానేశాను. ఆ రోజు ఆయన సంతోషించినంతగా ఊళ్ళో ఇంకెవరూ సంతోషించి ఉండరు. తిని ఊరికే కూర్చోవడం దేనికని మా అవ్వ నన్ను తన వెంట పనికి తీసుకుపోయేది. అవ్వ ఆ బంగళాలో వంటమనిషి.

బంగళాలో దొరసానమ్మ ఒక్కతే ఉండేది. మా అమ్మ పుట్టక ముందే దొరతో కలిసి ఏదో మంచు దేశం నుంచి వచ్చి, ఊళ్ళో ఆడపిల్లలకు అక్షరాలు నేర్పింది. దొర పోయినప్పుడు ఆయన్ని తోట చివర పాతిపెట్టారు. ఆయన పక్కన చోటు తనదని చెప్పి దాని చుట్టూ గన్నేరు మొక్కలు నాటుకుంది. సాయంత్రమయితే పోయి ఆ ఖాళీ చోటులో గడ్డి పీకి వచ్చేది. తన సమాధి చోటును తనే శుభ్రం చేసుకునే మనిషిని అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నేను పనిలో చేరేనాటికే ఆమె మతి కొంచెం అటూ ఇటూ అవుతుండేది. చాలా రోజులు బాగానే ఉండేది. కొన్ని రోజులు మాత్రం మా అవ్వను తన చెల్లెలనుకుని, గుర్రానికి మేత వేశావా అని అడిగేది. బంగళాలో గుర్రం కాదు గదా, మేక కూడా లేదు. అవ్వ మాత్రం వేశానమ్మా అనేది.

ఒక చలికాలం పొద్దున బాగా మంచు పట్టింది. మా వైపు చలంటే ఎంత, కొబ్బరినూనె గడ్డకట్టేంత. అది కూడా సీసాను ఎండలో పెడితే పొద్దెక్కేలోపు కరిగిపోతుంది. దొరసానమ్మ శాలువా కప్పుకుని బయటికి వచ్చి గొట్టాన్ని అరచేత్తో తడిమింది. ఆమె తెలుగంతా బైబిలు తెలుగు. "ఈ రాత్రి నీళ్ళు గడ్డకట్టును. గొట్టములు పగిలిపోవును. గడ్డి చుట్టి గోనె కట్టుడి" అంది. నేను వంటింటి వెనక్కి పరిగెత్తి నోటికి పైట అడ్డం పెట్టుకున్నాను. మాకు తెలిసిన ఐసుగడ్డ ఒక్కటే, చేపల లారీలో రంపపు పొట్టు కప్పుకుని వచ్చేది. ఈ కబురు వీధిలో ఎలా విప్పాలా, ఆమె గొంతు ఎలా అనుకరించాలా అని అప్పుడే కూడబలుక్కుంటున్నాను.

అవ్వ నా వెనకే వచ్చింది. "ఏందే ఆ ఇకిలింపు? పోయి వామిలో గడ్డి పీక్కరాపో" అంది.

గడ్డి తెచ్చాను, పాత గోతాలు చించాను. ఉత్తుత్తి పనే గదా అని పురికొస వదులుగా నాలుగు చుట్లు తిప్పి చేతులు దులుపుకున్నాను. అవ్వ అదంతా విప్పించి మళ్ళీ మొదటి నుంచి కట్టించింది. దొరసానమ్మ తడిమి చూస్తుందనీ, ఎక్కడయినా వేలు దూరిందంటే మళ్ళీ భయం పట్టుకుంటుందనీ చెప్పింది. ఉన్న మాట చెప్పేస్తే పోలా, ఇక్కడ నీళ్ళు గడ్డకట్టవమ్మా అని, అన్నాను. అవ్వ పురికొస పళ్ళతో తెంపి, "చెప్తే ఆమెకు చలి పోతదా? దానికి తోడు సిగ్గు గూడా వచ్చి చేరతాది" అంది.

గోనె కట్టడంతో అయిపోలేదు. రాత్రిపూట కుళాయి సన్నధారగా వదిలిపెట్టాలని, పారే నీళ్ళు గడ్డకట్టవని దొరసానమ్మ చెప్పింది. అవ్వ ధార కింద బిందె పెట్టి, పొద్దున్నే ఆ నీళ్ళు వంకాయ మళ్ళకు పోసేది. సగం ఖాళీ అయిన తొట్టిని నేను తిట్టుకుంటూ నింపేదాన్ని. దొరసానమ్మ లేచి గొట్టం తడిమి, పగల్లేదని మురిసిపోయి కాఫీ తాగేది. ఆ ముఖం చూస్తే మా ఊరు నిజంగానే ఏదో గండం గడిచినట్టు ఉండేది.

క్రిస్మసు అయ్యాక మద్రాసు నుంచి మిషను పెద్ద దొర వస్తున్నాడని తెలిసింది. ఆమె ఒంటరిగా ఉండగలదా లేదా అని చూడటానికే వస్తున్నాడు. మతి సరిగా లేదనిపిస్తే ఓడ ఎక్కించి వాళ్ళ దేశం పంపించేస్తారు. అక్కడ ఆమెకు ఎవరూ మిగల్లేదు. ఆ సంగతి దొరసానమ్మకూ తెలుసు. బాగున్న ఒక పూట మా అవ్వ చెయ్యి పట్టుకుని, "నన్ను ఓడ ఎక్కించనియ్యకుము" అంది. ఆ బైబిలు తెలుగుకు నాకు మొదటిసారి నవ్వు రాలేదు.

ఆ ఒక్క రోజుకు గోతాలు విప్పేద్దామన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. పెద్ద దొర ఎదుటే ఆమె తడుముకుని, గోనె లేదని గాబరాపడితే కొంప మునుగుతుంది. పోనీ ఎలుకలు గొట్టం కొరుకుతున్నాయని చెబుతానన్నాను. అయ్యగారికి అబద్ధం చెప్పడమా అని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. ఆ పొద్దున మాత్రం గోతాలన్నీ ఆ చివర నుంచి ఈ చివర దాకా నీళ్ళతో తడపమంది. ఎందుకో చెప్పలేదు. గొణుక్కుంటూ తడిపాను.

పెద్ద దొర మధ్యాహ్నానికి, ఒంటినిండా దారి దుమ్ముతో కారు దిగాడు. దొరసానమ్మ ఇస్త్రీ గౌను వేసుకుని చక్కగా మాట్లాడింది. నేను ఊపిరి పీల్చుకునే లోపల ఆయన పెరట్లోకి వచ్చి, గోనె చుట్టిన గొట్టం చూసి ఆగిపోయాడు. ఇదేమిటని తెలుగులో మా అవ్వను అడిగాడు.

"కుళాయి తిప్పి మొగం కడుక్కోండయ్యా, తెలుస్తాది" అంది అవ్వ.

తడి గోనె కింద గొట్టంలో నీళ్ళు కుండలో నీళ్ళలా చల్లబడి ఉన్నాయి. ఆయన ముఖం, మెడ కడుక్కుని, హాయిగా ఒక నిట్టూర్పు విడిచాడు. అయ్యగారి ఎదుట అబద్ధం ఆడటం అవ్వకు చేతగాదు. అందుకని జవాబును ముందే నిజం చేసి పెట్టింది. అంతటితో తప్పించుకున్నామనుకున్నాను. అప్పుడు దొరసానమ్మ ముందుకు వచ్చి, గొట్టం మీద చెయ్యి వేసి, "కట్టని యెడల ఇవి పగులును" అంది.

నా ఎలుకలు గొంతులోనే ఉండిపోయాయి. పెద్ద దొర ఆమె వైపు చూశాడు. చూసి, తను కూడా గోనె మీద చెయ్యి పెట్టి, పురికొస చుట్లు ఎంత బిగువుగా ఉన్నాయో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. తడిమి, "అవునమ్మా, పగులును. మా అమ్మ కూడా ఇట్లే కట్టేది" అన్నాడు. తర్వాత మా అవ్వకు చేతులు జోడించి, బాగా కట్టినావమ్మా అన్నాడు.

ఆయనకు తెలిసిపోయిందా అని కారు వెళ్ళాక అడిగాను. తెలియకేం, ఆయనదీ మంచు దేశమే గదా అంది అవ్వ. అయినా ఓడ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. దొరసానమ్మ పోయేదాకా ప్రతి చలికాలమూ గోనె కట్టాం. ఇప్పుడు ఆ గన్నేరు చెట్ల మధ్య దొర పక్కనే ఉంది.

నా నోటికి జడిసి పక్క సందులోంచి పోయేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. కానీ ఎదురింటి పెద్దాయన మండుటెండల్లో గేటు దగ్గరికి వచ్చి, మబ్బు పట్టింది, కళ్ళంలో వడ్లు తడిసిపోతాయని కంగారుపడినప్పుడు మాత్రం నేనేమీ అనను. ఆయన పొలం అమ్మి చాలా కాలమైంది. నేను మా వసారాలోని టార్పాలిను పట్టా తీసుకుపోయి వాళ్ళ ఖాళీ వాకిట్లో పరుస్తాను. కప్పేశాను, పోయి పడుకో మామా అంటాను. ఆయన చూస్తున్నా, లోపలికి పోయినా, గాలికి లేవకుండా నాలుగు అంచుల మీదా రాళ్ళు పెట్టే వస్తాను.