నేను జరిపిన సముద్రం

నాకు ఇరవై రెండేళ్ళున్న రోజుల్లో, ప్రపంచంలో నాకు తెలియని సంగతి ఒకటి ఉండవచ్చన్న అనుమానమే రాలేదు. డిగ్రీ అయింది, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, తెలుగు రాస్తే అక్షరాలు గుండ్రంగా వస్తాయి, ఇంకేం కావాలి? నరసరావుపేటలో మా వీధి చివర, జిరాక్సు షాపు పై అంతస్తులో పాస్‌పోర్టు బాబాయ్ ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. (ఆయన అసలు పేరు వీధిలో ఎవరూ పలికేవారు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ పాస్‌పోర్టు పెట్టుకుని తిరిగేవాడు. అందులో ఒక్క ముద్ర కూడా లేదన్నది అందరికీ తెలిసిన రహస్యం.) హైదరాబాదు, బెంగళూరు బస్సు టికెట్లు, కార్తీకమాసంలో పంచారామాలు, వేసవిలో కాశీ, ఇదీ అక్కడి పని. నేను కంప్యూటరు ముందు కూర్చుని సీట్లు బుక్ చేసేదాన్ని. చేరిన ఏడో నెలలో, ఏదో పెళ్ళికి వెళ్ళొచ్చిన బాబాయ్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మాయ్, మనం టర్కీ పోదాం."

"టర్కీ ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంది? కాశీకి అందరూ తీసకపోతన్నారు. మధ్యధరా తీరమంట, చానా పాత ఊళ్ళంట. నువ్వొక చిన్న పుస్తకం రాయి. చదివినోడు కూర్చున్న చోటి నుంచి లేచి పెట్టె సర్దుకోవాల."

అప్పటికి నేను చూసిన సముద్రం సూర్యలంకది ఒక్కటే. అదీ ఇంటర్లో కాలేజీవాళ్ళు తీసుకువెళితే, చీకటి పడేలోపు బస్సెక్కాలని మేడమ్‌లు తరుముతుండగా ముప్పావు గంట. అయినా నేను ఏమాత్రం జంకలేదు. ఇంగ్లీషు వ్యాసాలు పది ముందేసుకుని, వారం రోజుల్లో ‘మధ్యధరా తీరాన చూడవలసిన ఎనిమిది చోట్లు’ అనే పుస్తకం పూర్తి చేశాను. ఒక్కో చోటికి ఒక్కో పేజీ. ఎఫెసస్ అనే పాత నగరం గురించి రాసిన పేజీ నాకు మరీ ఇష్టం. "పాలరాతి వీధి చివర మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. ఆఖరి మెట్టు మీద నిలబడితే అలలు వచ్చి మీ పాదాలు కడుగుతాయి." ఈ రెండు వాక్యాలూ రాశాక నేనే మూడుసార్లు పైకి చదువుకున్నాను. కింద జిరాక్సు షాపాయనకు కూడా వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "తడి తగిలిందమ్మా" అన్నాడు. (ఆ రోజు షాపులో ఏసీ కారుతోందని తర్వాత తెలిసింది.)

పుస్తకం పంచిన నెలలో పది మంది పేర్లు ఇచ్చారు. మొదట వచ్చింది మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒక పెద్దాయన. వీధిలో అందరికీ ఆయన పెదనాన్నే. నీళ్ళలో మునిగిన కెకోవా అనే ఊరి గురించి నేను రాసిన పేజీ మీద వేలు పెట్టి, "ముంపు ఊరా? అయితే వాళ్ళకు పునరావాసం యాడ ఇచ్చారమ్మా?" అని అడిగాడు. అది భూకంపాలకు కుంగిపోయిందనీ, వందల ఏళ్ళ కిందటి సంగతనీ చెప్పాను. "అయితే ఇచ్చుండరులే" అని ఆయన జాలిపడ్డాడు.

ఆయన తర్వాత వచ్చింది మా సోషల్ మేడం. మా హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి, రిటైరై ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆవిడను చూస్తే నాకు అప్పటికీ చేతులు వాటంతటవే వెనక్కి కట్టుకునేవి. పుస్తకం నిలబడే మొత్తం చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"ఇది నువ్వేనా రాసింది?"

"అవును మేడం."

"ఈ మెట్లు, నీళ్ళల్లోకి దిగేవి, నిజంగానే ఉన్నాయా?"

"ఉన్నాయి మేడం." (ఎంత ధీమాగా అన్నానంటే, ఆ మెట్లు నేనే కట్టించినట్టు.)

"అయితే నా పేరు రాసుకో. ఆ సముద్రంలో నేను మొదట కాలు పెట్టేది ఆ మెట్ల మీదే."

ఆడవాళ్ళకు తోడుగా, బాబాయ్ ఇంగ్లీషుకు ఆసరాగా నన్ను కూడా తీసుకువెళ్ళాలని తేలింది. మా నాన్న బోరు మోటార్లకు వైండింగ్ కట్టేవాడు. మాట తక్కువ మనిషి. ఈ సంగతి విన్న మూడో రోజు కొత్త బూట్లు తెచ్చి నా ముందు పెట్టి, "లోతుకు పోమాక" అన్నాడు, అంతే. ఇక విమానాశ్రయంలో బాబాయ్ పాస్‌పోర్టు మీద మొట్టమొదటి ముద్ర పడుతుంటే మేమందరం చుట్టూ నిలబడి చూశాం. అది కొంచెం మసకగా పడింది. ఇంకోసారి గట్టిగా కొట్టమని ఆయన అధికారికి పిడికిలితో చేసి చూపించాడు. ఆ అధికారి పిడికిలిని వేరే విధంగా అర్థం చేసుకోబోయాడు. నా ఇంగ్లీషు పనికొచ్చిన మొదటి సందర్భం అది.

దిగిన పొద్దునే మా చిన్న బస్సు ఎఫెసస్‌కు బయలుదేరింది. మేడం కిటికీ పక్క సీటు వద్దంది. "దోవలో ఎక్కడైనా సముద్రం కనపడితే చెప్పు, కళ్ళు మూసుకుంటా" అని నాకు చెప్పింది. దారిలో ఆలివ్ తోటలు తప్ప ఏమీ రాలేదు గాని, ఆవిడ ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నేను రాసిన వాక్యం కోసం ఒక మనిషి కళ్ళు మూసుకోవడానికి సిద్ధపడింది.

ఎఫెసస్ నిజంగానే అద్భుతం. కొండను తొలిచి కట్టిన నాటకశాల, సగం విరిగిన స్తంభాలు, ప్రతి స్తంభం మీదా ఒక పిల్లి. నాటకశాల ముందు నుంచి పాలరాతి వీధి తిన్నగా పడమటికి పోతోంది. మేడం మోకాళ్ళ నొప్పి మర్చిపోయి, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో నా పుస్తకంతో ముందు నడిచింది. వెనక మేమందరం. కొంత దూరం పోయాక వీధికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకు అవతల రెల్లుగడ్డి. రెల్లుకు అవతల పొదలు, పొలాలు. ఎక్కడో కప్పలు అరుస్తున్నాయి.

మేడం పుస్తకం చూసింది. ముందుకు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది.

"ఏమ్మా, సముద్రం ఏదీ?"

బాబాయ్ గబగబా ముందుకొచ్చాడు. "పోటు, ఆటు అనుంటయ్ గదా మేడం. ఇప్పుడు ఆటు. కాసేపు కూర్చుంటే వస్తదేమో."

పక్కనే ఇంగ్లీషు బోర్డు ఒకటి ఉంది. అందరూ నా వంక చూశారు. చదవడం మొదలుపెట్టాను. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ రేవు ఉండేది. నది తెచ్చిన ఒండ్రుతో పూడిపోతూ వచ్చింది. సముద్రం మైళ్ళ దూరం వెనక్కి జరిగిపోయింది. చదువుతుంటే నా చెవులు కాలిపోతున్నాయి. నేను చూసి రాసిన వ్యాసం మొదట్లో ‘ఆ కాలపు నావికుడి కళ్ళతో చూడండి’ అని ఒక వాక్యం ఉండేది. పేజీ దాటిపోతోందని దాన్ని నేనే తీసేశాను.

అబద్ధం చెప్పడానికి అక్కడ బాబాయ్ అప్పటికే ఉన్నాడు కనక, నేను నిజం చెప్పాను.

"తప్పు నాది మేడం. సరిగా చూసుకోకుండా రాశా."

"బోర్డు మీద ఏ కాలంలో ఉంది?"

"భూతకాలం."

"నువ్వు రాసింది?"

"వర్తమానం మేడం."

మేడం మెల్లిగా వెళ్ళి, పడిపోయి ఉన్న ఒక స్తంభం మీద కూర్చుంది. మోకాలు రెండు చేతులతో నొక్కుకుంటూ రెల్లు వైపే చూస్తోంది. నాకు ఏడుపు వచ్చింది. తిట్టినా బాగుండేది. కాసేపటికి పక్కన కూర్చోమని చేత్తో రాయి మీద తట్టింది. ఆవిడ పక్కన కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

"నైన్త్‌లో నువ్వు నన్నొకటి అడిగావు. గుర్తుందా?"

"లేదు మేడం."

"మ్యాపు గీసి చెప్తా ఉంటే లేచి, మేడం, ఈ మధ్యధరా సముద్రం మీరు చూశారా అని అడిగావు. క్లాసంతా నవ్వారు. నిన్ను పీరియడ్ అయ్యేదాకా గోడకు నిలబెట్టా."

నిలబడింది గుర్తొచ్చింది. ఎందుకో మాత్రం గుర్తు లేదు. (గోడకు నిలబడిన సందర్భాలు అనేకం కనక.)

"చూడలేదని చెప్పడానికి నామోషీ అయింది నాకు. అందుకే నిలబెట్టా. ముప్పై ఏళ్ళు చూడకుండానే చెప్పానమ్మా. నువ్వు చెప్పింది ఎనిమిది పేజీలేగా."

ఆ తర్వాత ఆవిడ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. (రిటైరయ్యాక కూడా సంచిలో ఎర్ర పెన్ను ఉండే మనుషులు వేరే జాతి.) ‘దిగుతాయి’ కొట్టేసి ‘దిగేవి’ అని, ‘కడుగుతాయి’ కొట్టేసి ‘కడిగేవి’ అని రాసింది. మిగతా వాళ్ళ పుస్తకాలన్నీ తెప్పించి, పెన్ను నా చేతికిచ్చి, అన్నీ నాచేతే దిద్దించింది. పెదనాన్న తన పుస్తకం జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటూ, "మంచిదేలే. రేపెవరన్నా అడిగితే చూపియ్యొచ్చు" అన్నాడు.

బస్సెక్కాక బాబాయ్ హడావుడి పడ్డాడు. తర్వాతి ఊరు చేరడానికి వేళ మించిపోతోందట, సముద్రం ఎల్లుండి వస్తుందట. నేను మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. "బాబాయ్, ఇవాళ సముద్రం చూపియ్యకపోతే నేను బస్సు దిగి నడిచిపోతా." అని, ఆయన జవాబు వినకుండా డ్రైవరు దగ్గరకు వెళ్ళాను. ఆయన నెరిసిన మీసాల పెద్దమనిషి, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. పుస్తకం అట్ట మీద అలలు గీసి, మేడంను చూపించి, చేతులతో ఈత కొట్టాను. ఆయన నన్నూ, మేడం మోకాళ్ళనూ చూసి, "దెనిజ్?" అన్నాడు. వాళ్ళ భాషలో సముద్రానికి ఆ మాటేనని అప్పుడు తెలిసింది. తలూపాను. ఆయన బాబాయ్ వైపు కనీసం చూడకుండా బస్సు తిప్పేశాడు.

అరగంటలోపే ఇసుక వచ్చింది. ఎవరూ లేని పొడుగాటి తీరం, ఎదురుగాలి, దిగుతున్న పొద్దు. మేడం బూట్లు విప్పి, నా భుజం మీద చెయ్యి వేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. ఒక అల వచ్చి పాదాలు దాటి పోయింది. ఆవిడ గొడుగు ఎత్తి, గోడ మీద మ్యాపు చూపించినట్టు చూపించసాగింది. "ఇట్టా నేరుగా పోతే గ్రీసు. ఎడమకు తిరిగి కిందికి పోతే ఈజిప్టు. ఇక్కడిది ఏజియన్ అంటారు, అదీ మధ్యధరాలో భాగమే." ఎవరూ చెప్పకుండానే పెద్దాళ్ళందరూ ఆవిడ వెనక వరసగా నిలబడ్డారు. పెదనాన్న వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "మన సూర్యలంక కన్నా ఉప్పెక్కువ" అని తేల్చాడు. మేడం గొడుగు దించింది.

"బోర్డు మీద జానెడు గీసేదాన్ని" అంది నాతో మెల్లిగా. "ఇంత ఉంటదని నాకు తోచలేదే."

నా భుజం మీది చెయ్యి పొద్దు గూకేదాకా తీయలేదు.

మిగతా ఏడు చోట్లా నా వాక్యాలు కొంచెం అటూ ఇటూగా నిలబడ్డాయి. కెకోవాలో పడవ మీంచి నీళ్ళలోకి దిగిపోతున్న రాతి మెట్లు చూసి పెదనాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన అత్తగారి ఊరు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉందని నాకు అప్పుడే తెలిసింది. తిరిగొచ్చాక బాబాయ్ మళ్ళీ కాశీకే పరిమితమయ్యాడు. మేడం తర్వాత ఆరేళ్ళు బతికింది. పండగలకు వెళితే కూర్చోబెట్టి టీ ఇచ్చేది. నేను ఊళ్ళో చేసిన పనులన్నీ ఆవిడకు చెప్పేదాన్ని, ఆవిడ మధ్యలో వ్యాకరణం సరిచేసేది.

మొన్న శివరాత్రికి కోటప్పకొండ మీద, ఎక్కడినుంచో వచ్చిన ఒక కుటుంబం నన్ను ఆపి, ఈ కొండ గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగింది. నేను పుట్టినప్పటినుంచీ ఎక్కుతున్న కొండ అది. నోరు తెరిచి, మెట్లెన్నో సరిగ్గా గుర్తు రాక, కొండ కథ ఇట్టాగే అని ఖాయంగా అనలేక, "పైన పెద్దవాళ్ళెవరినైనా అడగండి, నాకు సరిగ్గా తెలీదు" అన్నాను. వాళ్ళు దండం పెట్టి పోయారు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల అక్కడ ఉండి ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి గంటసేపు చెప్పేది, కొండను కూడా కాస్త జరిపేది. ఆ గంట వాళ్ళకు ఎంత బాగుండేదో అనుకుంటూ, నవ్వుకుంటూ, మిగిలిన మెట్లు ఎక్కాను.