వెంటపడే పాట

వీధి మలుపులో ఎప్పుడూ కుట్టుమిషన్ చప్పుడు వినిపించే ఇల్లు కత్తెరక్కది. ఆడవాళ్ళ కోట్లు, గౌన్లు కుట్టడం ఆమె పని. చేతిలో కత్తెర కంటే నోట్లో మాట పదునని ఆ పేరు పెట్టారంటారు. ఆమె మాత్రం ఒప్పుకోదు. "కత్తెరకి సాన పట్టాలి. నాకక్కర్లేదు" అంటుంది.

మేడ మీద మరిది కాపురం. మరిది భార్య బేకరీలో కేకుల మీద క్రీముతో పూలు వేస్తుంది. తోడికోడళ్ళిద్దరూ ఒకప్పుడు బాగానే ఉండేవారు. మధ్యలో కర్టెన్లు వచ్చాయి. చిన్నామె కిటికీకి కత్తెరక్క కుట్టిచ్చిన కర్టెన్లు జానెడు పొట్టివయ్యాయి.

"అక్క కిటికీని కొలిచిందో, అందులోంచి కనిపించే ఆకాశాన్ని కొలిచిందో!" అని చిన్నామె చుట్టాల ముందు నవ్వింది.

"కొత్త గుడ్డ ఉతికితే ముడుచుకుంటుందని తెలియనివాళ్ళకి కర్టెన్లెందుకు? పాత కాగితాలు అంటించుకోమనండి" అని కత్తెరక్క పక్కనే ఉన్న భర్తతో, చిన్నామెకు వినపడేలా అంది.

అంతే. మాటలు బంద్. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడితే పిల్లితో మాట్లాడేవారు. "ఏమే పిల్లీ, కొందరు నీళ్ళ మోటారు ఆపడం మర్చిపోతారు, చూశావా?" పిల్లి చూసేది.

"అసలే కత్తెర. దానికి తోడు నాకు అడకత్తెర" అని బస్సు కండక్టరైన కత్తెరక్క భర్త తోటివాళ్ళ దగ్గర వాపోయేవాడు. లోలోపల మాత్రం ఇంట్లో ఆ నిశ్శబ్దం ఆయనకు హాయిగానే ఉండేది.

చిక్కల్లా చర్చిలో వచ్చింది. ఇద్దరూ ఒకే క్వయర్‌లో పాడేవారు. ఆడవాళ్ళలో కింది గొంతు కత్తెరక్కది, పై గొంతు చిన్నామెది. పాటలు నేర్పేది గడియారాలు బాగుచేసే పెద్దాయన, గడియారం మాస్టారు. ఆయనకు పాతకాలపు కీర్తన బాణీలంటే ప్రాణం. ఆర్గన్ కొనే స్తోమతలేని చర్చిల్లో, ఉత్త గొంతులతో నాలుగు వరసలవాళ్ళు పాడుకోవడానికి కట్టిన బాణీలవి. నాలుగు వరసలూ నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చుంటే, మాస్టారు మధ్యలో నిలబడి చెయ్యి పైకీ కిందికీ ఊపుతారు.

ఈసారి ఆయన తెచ్చింది వెంటపడే బాణీ. సగం దాకా అందరూ కలిసి పాడతారు. ఆపైన మగవాళ్ళ బొంగురు గొంతులు ఒంటరిగా బయల్దేరతాయి. వాళ్ళ వెనకాల మగవాళ్ళ పై వరస, దాని వెనకాల కత్తెరక్క వరస, అందరికంటే చివర చిన్నామె వరస. ఒకరినొకరు తరుముకుంటూ వెళ్ళి ఆఖరి చరణంలో అందరూ ఒకచోట చేరాలి.

అంటే, అక్క పాడేది విని చెల్లెలు అందుకోవాలి. చెల్లెలు వినదే! ఒకరోజు ముందే దూకేది, ఇంకోరోజు అందరూ చేరాక తీరిగ్గా వచ్చేది.

"అమ్మా, ఇది బస్సు కాదు, ఎప్పుడొస్తే అప్పుడు ఎక్కడానికి" అన్నారు మాస్టారు.

కండక్టరు భార్య కదా, కత్తెరక్కకు ఆ మాట గుచ్చుకుంది. "మా బస్సులు టైముకే వస్తాయి మాస్టారూ. ఎక్కేవాళ్ళే సరిగ్గా లేరు" అంది గోడవైపు చూస్తూ.

ఆ మర్నాడు కత్తెరక్క మిషన్ తొక్కుతూ తన వరస కూనిరాగం తీస్తోంది. చరణం చివరికి వచ్చేసరికి, పైనుంచి, అంట్లు తోముతున్న చప్పుడులోంచి, పై వరస సరిగ్గా అందుకుంది. కత్తెరక్క కాలు ఆగిపోయింది. పైన గిన్నెల చప్పుడూ ఆగిపోయింది.

కాసేపటికి కత్తెరక్క మళ్ళీ మిషన్ తొక్కింది, ఈసారి కాస్త గొంతెత్తి. పైనుంచి మళ్ళీ జవాబొచ్చింది. వారమంతా అలా జరిగింది. మెట్ల దగ్గర ఎదురైతే మాత్రం మళ్ళీ పిల్లే.

ఆదివారం చర్చి నిండిపోయింది. పాట సగం దాకా చక్కగా నడిచింది. బొంగురు గొంతులు బయల్దేరాయి, మగవాళ్ళ పై వరస వాటిని తరిమింది. కత్తెరక్క మాత్రం, చిన్నామె సిద్ధంగా ఉందా లేదా అని చూస్తూ చూస్తూ, తన వంతు మర్చిపోయింది. పక్కవాళ్ళంతా ఆమె గొంతు పట్టుకుని పాడేవాళ్ళే కాబట్టి వాళ్ళూ నోరు తెరవలేదు. పాట చతికిలబడింది.

ఆ నిశ్శబ్దంలో చిన్నామె గొంతు ఖంగుమంది. "అక్కా! నీ వంతేగా! నిద్రపోతున్నావా?"

"నిద్రా? నువ్వెక్కడ ముందే దూకుతావోనని నీకు కాపలా కాస్తున్నానే!"

"వారం నుంచీ ఒక్కసారైనా దూకానా?"

"ఎక్కడ, అంట్ల దగ్గరా? అంట్ల దగ్గర అందరూ పాడతారు!"

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు చెయ్యెత్తారు. మగవాళ్ళు మొదలుపెట్టారు. ఈసారి కత్తెరక్క చిన్నామెను సూటిగా చూస్తూ అందుకుంది, చిన్నామె అక్కను వదలకుండా తరిమింది. ఆఖరి చరణంలో నాలుగు వరసలూ ఒక్కటై లేచేసరికి కత్తెరక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో అడిగితే, పక్కామె పూసుకున్న సెంటు ఘాటు అని చెప్పింది.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలకు అడ్డూ ఆపూ లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు శ్రుతి దించారు అని మేడ మీదికీ కిందికీ రోజంతా వాదనే. కండక్టరు డబుల్ డ్యూటీ అడిగి వేయించుకున్నాడు.

కొన్నాళ్ళకి మాస్టారు, రెండు ఆడ వరసలూ ఒకేసారి మొదలయ్యే బాణీ ఒకటి తెస్తానన్నారు.

"వద్దండీ" అన్నారిద్దరూ ఒకే గొంతుతో. "కలిసి బయల్దేరితే తప్పెవరిదో ఎలా తెలుస్తుంది?"