గరగరలాడని గుడ్డ

మా అమ్మాయికి మూడో నెల నడుస్తుండగా నాకు మళ్లీ డబ్బింగ్ పిలుపు వచ్చింది. కథానాయిక చెల్లెలికి గొంతు ఇవ్వాలి. పెళ్లికి ముందునుంచీ చేస్తున్న పని. వదులుకునే ఉద్దేశం నాకు లేదు. చిక్కల్లా పిల్ల పాలు కక్కడంతోనే. తాగిన ప్రతిసారీ త్రేన్పుతో పాటు పాలూ బయటికి వచ్చేసేవి. భుజాన వేసుకుంటే కాస్త నయం, పడుకోబెడితే మళ్లీ కక్కేది. బరువు పెరుగుతోంది కనక భయం లేదన్నాడు డాక్టరు.

భీమవరం నుంచి వచ్చిన మా అత్తగారికి ఆ మాట చాల్లేదు. "పిల్ల నడిచేదాకా ఆ డబ్బింగులూ గిబ్బింగులూ కట్టిపెట్టమ్మా. ఇంత పసిదాన్ని స్టూడియోలకి తిప్పుతారా ఎవరైనా?"

"నేను తిప్పుతానండీ," అన్నాను. ఆవిడతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

అప్పట్లో కృష్ణానగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ ఎడిటర్‌గా పనిచేసే మా ఆయన, జూబ్లీహిల్స్‌లో ఏదో పెద్ద దుకాణం నుంచి పిల్ల మెడకి కట్టే బిబ్‌ల సెట్టు తెచ్చారు. ముందు లేసు కుచ్చులు, వెనక ప్లాస్టిక్. "నీ చీర తడవదు," అని మురిసిపోయారు.

వాటిలో ఒకటి కట్టుకునే పిల్ల నాతో స్టూడియోకి వచ్చింది. నా వంతు వచ్చేసరికి భుజం మీద నిద్రపోయింది. దించితే కక్కుతుంది. అలాగే మైకు ముందు నిలబడ్డాను. తెర మీద పెదవులు కదిలాయి, నేను మాట అందుకున్నాను. సగంలో ఆపేశారు.

"అమ్మా, ఏదో గరగర వస్తోంది. చీరా?" అన్నాడు సౌండ్ ఇంజనీరు.

చీర కాదు. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా ఆ ప్లాస్టిక్ చప్పుడు చేస్తోంది. విప్పి చూస్తే మెడ చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది.

"ఎల్లుండి రండి. పిల్లని ఇంట్లో ఉంచి రండి," అన్నాడు అసిస్టెంట్ డైరెక్టరు, మర్యాదగానే.

"పిల్లతోనే వస్తాను. చప్పుడు మాత్రం రాదు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ వరండాలో పరిచాను. ఒక్కోదాని మీదా నీళ్లు పోయడం, చెవి దగ్గర పెట్టుకుని నలపడం, నా మెడకే రుద్దుకోవడం. తువ్వాలు నీళ్లు పీల్చింది గానీ గరుకు. నా చీరలు చాలావరకు నైలెక్సువి, నీళ్లు జారిపోయాయి. ఉన్న ఒక్క నూలు చీరా గంజితో బిర్రబిగుసుకుని ఉంది.

మెట్ల మీద వెల్లుల్లి ఒలుస్తున్న ఇంటి యజమానురాలు నవ్వింది. "ఏంది బిడ్డా, బట్టల దుకాణం వెట్టినవా?"

"పిల్ల మెడకి గుడ్డ చూస్తున్నానండీ. తడి పీల్చాలి, ఒరుసుకోకూడదు, చప్పుడు చేయకూడదు."

"గట్లయితే కొత్తది దేనికి? ఉతికి ఉతికి మెత్తగయిన పాత చీర సూడు."

లోపల మా అత్తగారు వింటూనే ఉన్నారు. పెట్టె తీసి, రంగు వెలిసిన నేత చీర ఒకటి తెచ్చారు. ఇంట్లో తరచూ కట్టుకునేదే. నేను వద్దనేలోపే అంచు పళ్లతో కొరికి, సర్రున చించారు.

"స్టూడియోకి ఒప్పుకున్నాననుకోకు. ఆ మెడ చూడలేకపోతున్నాను, అంతే."

సాయంత్రానికి బిబ్‌లు కుట్టేశాను. రెండు పొరల మధ్య తువ్వాలు ముక్క, ముడి మెడ వెనక కాకుండా భుజం పక్కన. నా భుజానికి మాత్రం పొడుగ్గా, ముందుకీ వెనక్కీ నడుందాకా దిగేలా మడత గుడ్డలు కుట్టాను. కుట్టిన ప్రతిదాన్నీ కళ్లు మూసుకుని చెవి దగ్గర నలిపి చూశాను. ఒక్కటీ పలకలేదు.

మర్నాడు స్టూడియోకి వెళ్లడానికి ఆటో రాగానే నాకంటే ముందు మా అత్తగారు ఎక్కి కూర్చున్నారు. "నువ్వు మైకు దగ్గరుంటే ఆ గుడ్డ మార్చేదెవరు?"

మళ్లీ పిల్లని భుజాన వేసుకునే నిలబడ్డాను. ఈసారి ఎవరూ ఆపలేదు. డైలాగు మధ్యలో భుజం మీద వెచ్చగా తడి దిగింది. ఆపితే మళ్లీ మొదటికి. కదలకుండా చివరి మాట దాకా చెప్పేశాను.

"ఓకే!" అని వినపడగానే మా అత్తగారు పొడి గుడ్డతో పరుగెత్తుకొచ్చారు. మూతి తుడిచారు, మెడ తడిమి చూశారు. ఎరుపు అప్పటికే తగ్గుముఖం పట్టింది.

పిల్ల కూర్చోవడం నేర్చేసరికి కక్కడం తగ్గిపోయింది. అప్పటిదాకా ఆవిడ నాతో వస్తూనే ఉన్నారు. ఆ తర్వాత పిల్లని తన దగ్గరే ఉంచుకుని, వీధిలో హారన్ వినపడగానే నన్ను తొందరపెట్టేవారు. "ఆటో వచ్చింది, ఇంకా జడేంటమ్మా, బయల్దేరు!"