వెల్డింగ్ చేయమన్నది నేనే

పెద్ద యాక్సిలే వేయించు బేటా. చెల్లెలు కూడా నీ జీపెక్కి కొండలు తిరుగుతానంటోంది కదా, ఇక రెండో ఆలోచన వద్దు. లాక్ చేసే మీట ఉన్నది తీసుకో. బురదలో మీట వేస్తే వెనక చక్రాలు రెండూ కలిసి తిరుగుతాయి, రోడ్డెక్కాక మీట తీసేయొచ్చు. వెల్డింగ్ మాట మాత్రం ఎత్తకు. ఎందుకని అడిగావు. ఫోన్లో చెబితే మీ ఇద్దరూ మధ్యలో వంద ప్రశ్నలు వేస్తారు, అందుకే రాస్తున్నాను.

సైన్యంలో నర్సుగా చేసి, కెప్టెన్‌గా బయటికొచ్చాక నేను ఒప్పుకున్న డ్యూటీ ఇదొక్కటే. చెరకు నరికే నాలుగు నెలలూ బోధన్ దగ్గర కూలీలకు వైద్యం. నవంబరు చివర్లో ఒక పొద్దున ఏడుంబావుకు నిజామాబాద్‌లో బస్సెక్కాను. తారురోడ్డు మీద దిగి, ట్రాక్టరెక్కి తొమ్మిదిన్నరకు గుడిసెలు చేరాను. మంచు ఇంకా విడలేదు. నలభై గుడిసెలు. అందరూ మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు. చుట్టూ నల్లరేగడి. తారురోడ్డుకు ఆరు కిలోమీటర్లు. నాకిచ్చింది ఒక టెంటు, రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, కాన్పు సామాన్ల పెట్టె, మిలటరీ వేలంలో కొన్న ఒక పాత జీపు.

డ్రైవరు ఫిరంగుల దళంలో చేసి రిటైరైన హవల్దారు. ఫోన్లో మాట్లాడినా చివర "ఓవర్" అనేవాడు. వాళ్లావిడతో కూడా అంతే. "ఉప్పు తెస్తున్న, ఓవర్."

ఆ జీపులో ముందు చక్రాలకు బలం వెళ్లే గేరు ఎప్పుడో పోయింది. లాగేదంతా వెనక యాక్సిలే. ఒక చక్రం బురదలో దిగితే అదే గిర్రున తిరిగేది, గట్టినేల మీదున్న రెండోది కదిలేది కాదు.

రెండో వారంలో ఒక అమ్మాయికి బీపీ చూశాను. నూటయాభై, వంద. ఎనిమిదో నెల, కాళ్ల వాపు. నిజామాబాద్ ఆసుపత్రిలో చేర్పిస్తానన్నాను. ముకాదం, అంటే ఆ గుంపు పెద్ద, అడ్డొచ్చాడు.

"మొగుడు పెండ్లాం కలిస్తెనే ఒక కోయిత మేడం. ఈమె పోతె ఆయన ఒక్కడు ఏం జేస్తడు? నరికితె మోపు గట్టేటోళ్లు ఉండరు, మోపు గడ్తె నరికేటోళ్లు ఉండరు."

కోయిత అంటే చెరకు నరికే కత్తి. వాళ్లలో మనుషులను లెక్కపెట్టరు, కోయితలను లెక్కపెడతారు. ఆ అమ్మాయి ఏటా వచ్చేదే, తెలుగు వచ్చు. "ఈ తోట అయిపోని అవ్వా. ఇరువై రోజులే గద" అంది. భర్త తల వంచుకుని కత్తి నూరుకుంటున్నాడు. ఎత్తుకుపోలేను కదా. మాత్రలిచ్చాను. అక్కడి డాక్టరుగారికి ఫోన్ చేశాను. రక్తం కనిపిస్తే ఎక్కడా ఆగకుండా నిజామాబాద్ తీసుకురమ్మన్నారు.

డిసెంబరులో అకాలవాన పడింది. రెండు రోజులు. మందుల కోసం జీపు తీస్తే ఆరు కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. నాకు ఆ అమ్మాయే కళ్లముందు మెదిలింది. అటునుంచి అటే బోధన్ పొలిమేరలో మిస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాం.

"పెద్ద యాక్సిల్ హైదరాబాద్ నుంచి రావాలె మేడం. పది దినాలు. మీట ఉంటది, చక్రాన్ని తిప్పే షాఫ్టు ఇరిగినా చక్రం ఊడదు. మస్తు మాల్" అన్నాడు మిస్త్రీ.

"అందాక?"

"వెల్డింగ్ కొడ్త. లోపలి చిన్న గేర్లు అతికిస్తె రెండు చక్రాలు ఎప్పటికీ ఒక్కటే. ఈడ తోటల్ల తిరిగే పాత బండ్లు సగం గట్లనే ఉన్నయ్. పొద్దుమీకేసరికి తీస్కపోండ్రి."

డ్రైవరు ఊరుకోలేదు. "బురదల ఏనుగు లెక్క పోతది మేడం. తారు మీద మలుపు తిప్పితె ఏడుస్తది. లోపలి చక్రం ఈడ్సుకపోతది, జోరంత షాఫ్టు మీద పడ్తది."

"నీ లెక్క తోల్తె ఏదైన ఏడుస్తది హవల్దార్ సాబ్. తోపు గాదది, జీపు."

"నీ పని జూసినంక తోపే నయమనిపిస్తది."

వాళ్లిద్దరూ నా వైపు చూశారు. ఆ తోట బండ్లు తారురోడ్డు మీద పరుగెత్తవన్న సంగతి నాకు తట్టింది. అయినా రోజులు లెక్కపెట్టుకున్నాను. పెద్ద యాక్సిల్ తెప్పించు, ఈలోగా వెల్డింగ్ చెయ్ అన్నాను. చీకటి పడకముందే కావాలని రెండుసార్లు చెప్పాను. తారు మీద ముప్పై దాటకూడదని డ్రైవరుకు ఆర్డరిచ్చాను. మందులు కొనుక్కుని ఆరింటికి వచ్చేసరికి మిస్త్రీ ఆఖరి నట్టు బిగిస్తున్నాడు.

వెల్డింగ్ అయిన ఎనిమిదో రోజు, మధ్యాహ్నం ఒంటిగంటా యాభై. ఆమె భర్త తోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. చీర రక్తంతో తడిసింది, అవ్వా అన్నాడు. రెండుంబావుకల్లా ఆమెను వెనక పడుకోబెట్టి బయలుదేరాం. బురద ఇరవైరెండు నిమిషాల్లో దాటాం. ఎక్కడా ఆగలేదు. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా అనిపించింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, దగ్గరి బండి ఇంకో కేసు మీద ఉంది, నలభై నిమిషాలన్నారు. రోడ్డు మీద నిలబడి ఎదురుచూడటం కన్నా ముందుకెళ్లడమే మేలనుకున్నాను. ఆమె నాడి పట్టుకుని ఉన్నాను. అది పలచబడుతోంది.

"నలభై అయిదు కొట్టాల్నా మేడం?" డ్రైవరు అద్దంలో చూస్తూ అడిగాడు.

"కొట్టు."

రెండు యాభైరెండుకు, ఒక మలుపులో, టప్‌మని చప్పుడైంది. షాఫ్టు విరిగి, వెనక కుడివైపు చక్రం ఊడి, మా జీపును దాటి ముందుకు దొర్లి, చెరకులోకి వెళ్లిపోయింది. జీపు ఆ పక్కకు ఒరిగి, రోడ్డును గీసుకుంటూ ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అంబులెన్సు మూడున్నరకు వచ్చింది. ఆ ముప్పైఎనిమిది నిమిషాలూ సెలైన్ సీసా డ్రైవరు ఎత్తి పట్టుకున్నాడు. ఏం చేయాలో తోచక భర్త చెరకులోకి వెళ్లి, ఆ చక్రాన్ని దొర్లించుకుంటూ తెచ్చాడు. తెచ్చి మా పక్కన నిలబెట్టి, పడిపోకుండా పట్టుకుని నిలుచున్నాడు. "తోట ఇంక రెండు రోజులే ఉండె అవ్వా" అంది ఆమె. మాట్లాడొద్దన్నాను.

తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. అరగంట ముందొచ్చినా చెప్పలేమన్నారు డాక్టరుగారు. ఆ మాటలో ఎంత నిజమో, ఎంత దయో నేనడగలేదు. వారానికి ఆమె మేనమామ వచ్చి ఊరికి తీసుకెళ్లాడు. భర్త గుడిసెకు తిరిగొచ్చాడు. ముకాదం అతన్ని ఇంకో ఒంటరివాడితో జత చేశాడు, మళ్లీ ఒక కోయిత అయ్యారు.

పెద్ద యాక్సిల్ చెప్పిన రోజుకే వచ్చింది. బరువెక్కువ, జీపు కాస్త మందంగా లాగేది. సీజన్ అయ్యేదాకా బురదలో ఆగలేదు, రోడ్డు మీదా ఆగలేదు.

మార్చి చివర్లో సామాను సర్దుకున్నాను. డ్రైవరు నన్ను బోధన్ బస్టాండులో దింపడానికి వస్తూ, అప్పగించాల్సిన స్పానర్లున్నాయని మిస్త్రీ షెడ్డు దగ్గర ఆపాడు. విరిగిన షాఫ్టు గోడకు ఆనించి ఉంది. చేతిలోకి తీసుకుని విరిగిన ముఖం చూశాను. సగం కొత్త ఇనుములా, ఉప్పుకల్లులా మెరుస్తోంది. సగం నల్లగా ఉంది, పాత గ్రీజూ తుప్పూ పట్టి.

"నల్లగున్నది పాత బీట మేడం" అన్నాడు డ్రైవరు మెల్లగా. "వెల్డింగ్‌కు నెలల ముందుగాలిది. తెల్లగున్నదే ఆ దినం ఇరిగింది."

సైన్యంలో చాలా చూశాను బేటా. కళ్లు మూసుకుంటే మాత్రం అవేవీ రావు. రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దదైన ఆ గుండ్రటి ముఖమే వస్తుంది, సగం నలుపు, సగం తెలుపు.

మిస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నా చేతిలో ఉన్నది చూసి ఆగాడు.

"కూసోండ్రి మేడం, చాయ్ జెప్పొస్త" అని, నేను అడిగింది సగం వింటూనే రోడ్డు దాటి హోటల్‌లోకి వెళ్లాడు. పావుగంట చూశాను. చాయ్ తెచ్చింది హోటలాయన. మిస్త్రీ రాలేదు. నా బస్సు టైమైంది.

నేనడిగింది ఇంతే. వెల్డింగ్ రోజు షాఫ్టులు బయటికి తీసినవు గద భయ్యా, ఆ బీట నీకు కనబడలేదా, కనబడి కూడ నేను తొందర వెడ్తున్ననని సప్పుడు జెయ్యలేదా?