మావ గిటారు, పది చింతపిక్కలు

మా చిన్నప్పుడు... పొద్దున్నే పళ్ళు తోముకుని వచ్చేసరికి చాప మీద పది చింతపిక్కలు పరిచి ఉంచేవాడు మావ. సరళీ వరస, అదే సంగీతంలో ఓనమాలు, ఒకసారి తప్పు లేకుండా వాయిస్తే ఒక పిక్క పక్కకి జరపాలి. తప్పితే పదీ మళ్ళీ మొదటికే. అవన్నీ జరిగితే గానీ చద్దన్నం లేదు... ఏం చెప్పమంటారు నా కష్టం.

మావంటే అమ్మ తమ్ముడు. రైల్వే ఉద్యోగం. ఖరగ్‌పూర్ నుంచి విజయనగరం బదిలీ అయి మా ఇంట్లోనే దిగాడు, ఒక గిటారుతో సహా. ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే రకం. ఇంకేం, సినిమా పాటలే అని ఎగిరి గంతేశాను. మావేమో వయొలిన్ నేర్చినవాడు... గిటారుకైనా ముందు స రి గ మలే అన్నాడు.

నాకు పదేళ్ళు, ఏమీ రాదు, సరే. మావ దగ్గర నేర్చుకుని రెండేళ్ళలోనే కాలేజీలో చప్పట్లు కొట్టించుకున్న మా అన్నయ్యకీ అవే పిక్కలు. డ్యూటీకి వెళ్ళే ముందు మావకీ అవే పిక్కలు.

"గోడ మీద కాకి కూడా అదే కూస్తన్నాదిరా" అని అమ్మ విసుక్కునేది.

స్కూలు వార్షికోత్సవానికి ఒక్క పాట నేర్పమని మావని నెల్లాళ్ళు బతిమాలాను.

"పాట ఎక్కడికీ పోదే. ముందు మూడు కాలాలూ సక్కగా రానీ" అనేవాడు. నెమ్మదిగా ఒకసారి, దానికి రెట్టింపు, మళ్ళీ దానికి రెట్టింపు... అవీ మూడు కాలాలంటే.

ఒళ్ళు మండింది. మావ డ్యూటీలో ఉండగా అన్నయ్య దగ్గర దొంగచాటుగా ఒక పాట నేర్చుకుని పేరిచ్చేశాను.

స్టేజీ ఎక్కి చూస్తే ముందు వరసలో మావ. అంతే... రెండో చరణం దగ్గర చెయ్యి ఆగిపోయింది. పాట ఒక్క ముక్క గుర్తులేదు. ఏం చెయ్యాలో తోచక, చెయ్యి దానంతటదే సరళీ వరస ఎత్తుకుంది. మొదటి కాలం... రెండో కాలం... తలెత్తి చూద్దును కదా, హాల్లో సగం మంది తొడల మీద తాళం వేస్తున్నారు. చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా. సంగీతం కాలేజీ ఉన్న విజయనగరం మరి. మూడో కాలం పూర్తిచేసి గానీ దిగలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే మెచ్చుకుంటాడేమోనని మావ మొహం వంక చూశాను.

"రెండో కాలంలో పరిగెట్టీసినావే. రేపు ఇంకో పది పిక్కలు" అన్నాడు. ఆ రోజు వచ్చిన కోపం నాకింకా గుర్తే.

ఇప్పుడు మా మనవడు ఫోనులో చూసి వారంలో పాట వాయించేస్తున్నాడు. సరళి అంటే "బోరు అమ్మమ్మా" అంటాడు. నేను మాత్రం పొద్దున్నే పిక్కలు పరుచుకుంటాను. రెండో కాలంలో ఇప్పటికీ పరిగెడతాను... మళ్ళీ మొదటికి రమ్మనడానికి మావ లేడు.

మిమ్మల్ని అలా మొదటికి పంపి విసిగించినవాళ్ళెవరు? చెప్పండి... కలిసి తిట్టుకుందాం.